నాలుక లేని అంగడి

సీఐ రవికుమార్ బండి మీంచి తెప్పించుకున్న చల్లటి రాగిజావ తాగుతున్నాడు. ఎదురుగా నిలబడిన డిటెక్టివ్ హసీనా ఒక్కపొద్దుతో ఉందని అతనికి బాగా తెలుసు. తెలిసే తాగుతున్నాడు. గుక్కగుక్కకూ కళ్ళు మూసుకుని, పెదాలు చప్పరించి, గ్లాసు మీద పట్టిన తడిని చూపుడువేలితో తుడిచి మరీ తాగుతున్నాడు.

“ఏం హసీనక్కా, నీకూ ఒక గ్లాసు చెప్పేదా?” అన్నాడు. “అయ్యో, మర్చేపోయినా. రంజాన్ నెల గదా!”

“నీకు మరుపు కొత్త కాదులే రవీ,” అంది హసీనా. “మడకశిర గొర్రెల కేసులో దొంగను పట్టిచ్చింది ఎవరో గూడా మర్చిపోయినావు గదా.”

ఇద్దరు కానిస్టేబుళ్ళు చప్పున పైకప్పు కేసి చూశారు. సీఐని పట్టుకుని రవీ అని పిలిచే మనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకరు లేరు.

ఆ గొర్రెల కథ పెద్దదే గానీ, ముక్కలో చెప్పాలంటే ఇంతే. అప్పుడు రవికుమార్ మీసం కుదురుకోని కొత్త ఎస్సై, హసీనా ఉద్యోగంలో పండిపోయిన హెడ్ కానిస్టేబుల్. మడకశిర పక్కన మందలకు మందలు మాయమైపోతుంటే, సంతలో గొర్రెల చెవులకు కాపరులు పెట్టుకున్న గుర్తు కోతలు చూసి దొంగను కనిపెట్టింది హసీనా. ఫోటో దిగింది రవికుమార్. మెడల్ అతని చొక్కాకు తగిలింది, మంట ఆమె కడుపులో మిగిలింది. ఉద్యోగానికి ఒక దండం పెట్టి, టైలర్ అంగడి మీది మిద్దెలో ‘హసీనా డిటెక్టివ్’ అని బోర్డు కట్టుకుంది. అట్లాగని పక్కవాళ్ళు బాగుపడితే ఏడ్చే మనిషి కాదు. ఎవరు ఇల్లు కట్టినా, ఎవరి బిడ్డకు ఉద్యోగమొచ్చినా పోయి మిఠాయి తిని, దీవించి వచ్చే రకం. ఈ రవికుమార్ ఒక్కడి దగ్గరే ఆ మంచితనం మొరాయిస్తుంది. అతనికి కొత్త జీపు వచ్చిందంటే ఈమెకు నిద్ర పట్టదు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ ఎదురుపడింది గుమ్మఘట్ట రోడ్డులోని ‘ప్రకృతి సిరి’ అనే అంగట్లో. యజమాని పేరు నాగజ్యోతి. చిరుధాన్యాలు, గానుగ నూనెలు, తాటిబెల్లం, రాగి బిస్కెట్లు, పొద్దున్నే పచ్చిరసాలు అమ్ముతుంది. షుగరున్నవాళ్ళూ, ఒళ్ళు తగ్గాలనుకునేవాళ్ళూ కోడి కూసేసరికి వచ్చి వరుస కడతారు. ఆ వరుసలో రోజూ ముందుండేది లలితమ్మ. వింతేమిటంటే, ఆమె మొగుడు తిప్పేస్వామికి సరిగ్గా రోడ్డుకు అవతల, ఎదురుగానే, తాతలనాటి కిరాణా అంగడి ఉంది. సొంత అంగడి పెట్టుకుని ఎదుటి అంగట్లో తాగుతుందేమిటని ఊరు నవ్వుకునేది. పొరుగింటి పుల్లకూర రుచి గదా అని సరిపెట్టుకునేది.

ఆ ఉదయం ఆమె సొరకాయ రసం తాగింది. రోడ్డు దాటుతూ రెండు అంగళ్ళకూ నడిమధ్య కూలబడి, రక్తం కక్కుకుంది. ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. బతుకుతుందో లేదో డాక్టర్లు చెప్పడం లేదు. రసం పిండిన పనిపిల్ల నజ్మా పోలీస్ స్టేషన్లో ఉంది. పొద్దుగూకేలోపల ఆమెను మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి జైలుకు పంపుతానని రవికుమార్ విలేకర్లకు చెప్పేశాడు. నజ్మా అత్త అమీర్ బీ మండుటెండలో చెప్పులైనా లేకుండా వచ్చి, హసీనా మిద్దె మెట్ల మీద కూర్చుని, “నా కోడలు చీమకు గూడా చెడ్డ తలపెట్టే పిల్ల కాదు బేటీ. అది జైలుకు పోతే నా ఇంట్లో దీపం ఆరిపోయినట్టే,” అని ఏడ్చింది.

హసీనా అందుకు వచ్చింది. రవికుమార్ మొహం మాడ్చడానికి కూడా వచ్చింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి.

“నీ లెక్క చెప్పప్పా, వింటా,” అంది.

“లెక్కేముంది? రసం పిండింది ఆ పిల్ల ఒక్కతే. పోయిన వారమే లలితమ్మ అందరి ముందర ‘రసంలో నీళ్ళు కలుపుతాండావు’ అని దాన్ని తిట్టింది. మొగుడు జమీల్ తోటల్లో మందు కొట్టే పనికి పోతాడు. వాళ్ళింట్లో గడ్డిమందు డబ్బా సగం ఖాళీగా దొరికింది. లలితమ్మ వెనకాల నిలబడిన ఆనంద్ అనే పిల్లోడు ఒక్క గుక్క నోట్లో పోసుకోని, చేదని ఉమ్మేసినాడు. ఇంకేం కావాల?”

“గడ్డిమందు కొట్టేవాడి ఇంట్లో గడ్డిమందు డబ్బా లేకుంటే అత్తరు సీసా ఉంటాదా?”

“ల్యాబుకు పంపినాం. రిపోర్టు వస్తాది.”

“అది వచ్చేదాకా ఆ పిల్ల జైల్లో ఉంటాది.”

“చట్టం అక్కా,” అన్నాడు రవికుమార్ గ్లాసు కింద పెట్టి. “నువ్వు వదిలేసి పోయినావు. నేను వదల్లేదు.”

సూది దిగాల్సిన చోటే దిగింది. మాట రానప్పుడు చేతికి పని చెప్పడం హసీనా అలవాటు. పక్కనున్న అరలోంచి రాగి బిస్కెట్ల ప్యాకెట్టు తీసి, వెనక్కి తిప్పి, కళ్ళద్దాలు సర్దుకుంది.

“నాగజ్యోతీ, ఇవి ఆరోగ్యమా?”

కౌంటరు వెనక నిలబడ్డ నాగజ్యోతి ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు తుడుచుకుంది. “అవును మేడం. పిల్లోళ్ళకు గూడా పెట్టొచ్చు.”

“వెనక చీమతలకాయంత అక్షరాలు రాసినారే, చదివినావా? మొదట మైదా. తర్వాత చక్కెర. దాని తర్వాత పామాయిలు. రాగులు ఆఖరికి, పిలవని పెళ్ళికి వచ్చిన చుట్టం మాదిరి మూలన నిలబడుండాయి.”

ఒక కానిస్టేబుల్ కిసుక్కున నవ్వి, దగ్గుగా మార్చేశాడు.

“నువ్వు విషం కేసుకొచ్చినావా, బిస్కెట్ల కేసుకొచ్చినావా?” అన్నాడు రవికుమార్.

“ముందర రాసింది ఒకటి, వెనక రాసింది ఒకటి ఉండే అంగట్లో ఇంకేమేం దాచినారో అని చూస్తాండా.”

“అది కంపెనీ ప్యాకెట్టు మేడం, నేను చేసింది కాదు,” అంది నాగజ్యోతి రోషంగా. “నా సరుకు వేరే. ఆ కొర్రలు చూడండి, సామలు చూడండి. ఒక్క రాయి చూపియ్యమనండి ఎవరినన్నా.”

హసీనా గుప్పెడు కొర్రలు అరచేతిలో పోసుకుని చూసింది. నిజమే. బంగారు రవ్వల్లా ఉన్నాయి. మంచిది మంచిదే, ఒప్పుకోవాలి.

“రసానికి సొరకాయలు యాడివి?”

“గుమ్మఘట్ట ఎర్రన్న తోటవి మేడం. పశువుల ఎరువు తప్ప ఏమీ వేయడు. సర్టిఫికెట్ ఉండాది.”

ప్రశ్న పూర్తికాకముందే నాగజ్యోతి చెయ్యి గోడ మీది సర్టిఫికెట్ వైపు లేచింది. చూపు మాత్రం నేల మీదికి దిగింది. చెయ్యొకవైపు, చూపొకవైపు పోయే మనిషిని హసీనా తన సర్వీసులో చాలామందిని చూసింది.

ఆమె వెనక వంటగదిలోకి నడిచింది. మిక్సీ, జగ్గు, గ్లాసులు, కత్తి అన్నీ పోలీసులు మూటకట్టుకుపోయారు. దొడ్డివాకిలి దగ్గర చెత్తను ఎరువు చేసే పెద్ద మట్టికుండ ఒకటి ఉంది. దాన్నెవరూ ముట్టుకోలేదు. చెత్తలో చెయ్యి పెట్టేదెవరు? హసీనా చీర చెంగు నడుముకు దోపుకుని, గాజులు మోచేతి దాకా తోసుకుని, చెయ్యి పెట్టింది.

పైన కరివేపాకు కాడలు. కింద బీట్రూట్ పిప్పి. వాటి నడుమ సొరకాయ తొక్కలు. ఒక్కొక్కటే తీసి గచ్చు మీద పరిచింది. అందులో రెండు రకాలున్నాయి. నిన్నటివి పల్చగా, లేతగా, వాడిపోయి ఉన్నాయి. ఈ పొద్దువి మందంగా, గోరు దిగనంత గట్టిగా ఉన్నాయి. తొడిమ వైపు ముక్క బొద్దుగా, గుండ్రంగా, చిన్న చెంబు మూతిలా ఉంది. ఎర్రన్న కాయలు ఇంకా గంపలో ఉన్నాయి. అవి మూరెడు పొడుగున సన్నగా ఉన్నాయి.

“రవీ, ఇట్ల రా,” అని పిలిచింది. “ఈ ముక్క నాలుక చివరకు తాకిచ్చు.”

“నాకేమన్నా తిక్కనా?”

“గడ్డిమందు కలిపింటే రసంలో కలిపింటారు. ముందే కోసి పారేసిన తొడిమలోకి మందు ఎట్ల వస్తాది? తాకిచ్చి చూడు. ముక్క చప్పగా ఉంటే నీ మాటే నిజం, నేను నోరు మూసుకోని ఇంటికి పోతా. నేనే చూద్దును గానీ, ఒక్కపొద్దు గదా, నోట్లో ఏమీ...”

మాట అక్కడే ఆగిపోయింది. తన నోటి నుంచి వచ్చిన మాట తనకే ఎవరో చెప్పినట్టు హసీనా నిలబడిపోయింది.

రవికుమార్ అది గమనించలేదు. కానిస్టేబుళ్ళు చూస్తున్నారు. భయపడ్డాడు అనిపించుకోవడం కంటే విషం మేలనుకున్నాడేమో, ముక్క లాక్కుని నాలుకకు రాసుకున్నాడు.

మరుక్షణం కొళాయి దగ్గరికి పరుగెత్తాడు. ఉమ్మాడు, పుక్కిలించాడు, మళ్ళీ ఉమ్మాడు. మీసాల మీంచి నీళ్ళు కారుతుండగా, కళ్ళు ఎర్రబారి, “థూ! వేపాకు దీనికంటే నయం!” అని అరిచాడు. ఆ అవస్థ చూస్తుంటే హసీనాకు పొద్దున్నుంచి ఎండిన గొంతులో ఎవరో చల్లటి నీళ్ళు పోసినంత హాయిగా ఉంది. అయినా మనిషి గదా, “గొంతు దిగనీయొద్దు. బాగా పుక్కిలించు. ఆ చేదే విషం,” అని హెచ్చరించింది.

“సొరకాయలో విషమా? ప్రకృతిలో కాసిందాంట్లో?”

“గన్నేరుకాయ ఏ ఫ్యాక్టరీలో తయారవుతాండాదప్పా?” అంది హసీనా. “నీళ్ళు లేక ఎండకు మాడిన పాదుకు కాసిన కాయ ఒక్కోసారి చేదెక్కుతాది. ఎండబెట్టి నీళ్ళ బుర్రలు చేసేదానికి పెంచే సొరైతే పుట్టుకతోనే చేదు. కూర చేస్తే ఒక్క ముద్దకే తెలిసి పారేస్తాం. పచ్చిగా పిండి గ్లాసుడు గొంతులో పోసుకుంటే పేగులు కోసుకపోతాయి. అందుకే గదా ఏ ఇంట్లోనైనా ఆడోళ్ళు సొరకాయ కోస్తానే చిన్న ముక్క నాలుకకు తాకిచ్చి చూసేది. ఏం నాగజ్యోతీ, ఈడ ఆ పని ఎవరిది?”

“నజ్మాది మేడం. అదే చూస్తాది ఎప్పుడూ.”

“ఒక్కపొద్దుల్లో గూడా చూస్తాదా?”

“తెల్లారకముందు సహరీ తిని వస్తాది. ఆ తర్వాత గుటక నీళ్ళు గూడా ముట్టదు.”

“మరి ఈ నెలలో ఎవరు చూస్తాండారు?”

“ఎర్రన్న కాయలు ఎప్పుడూ చేదు రాలేదు మేడం. అందుకని...”

“అందుకని ఎవరూ చూడలే. గోడ నిండా సర్టిఫికెట్లు తగిలిచ్చినావు. అంగడి మొత్తానికి ఒక్క నాలుక లేకపాయె!” హసీనా బొద్దుముక్కను ఆమె కళ్ళ ముందు పెట్టింది. “ఇది ఎర్రన్న కాయ కాదు. ఎవరిచ్చినారు?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నాగజ్యోతి చెయ్యి మళ్ళీ సర్టిఫికెట్ వైపు పోబోయి, సగంలో ఆగి, మొహం కప్పుకుంది.

“లలితక్క,” అంది వెక్కుతూ. “నిన్న సాయంత్రం తానే తెచ్చిచ్చింది. మా దొడ్లో కాసింది, ఒక్క చుక్క మందు వేయలే, రేపు దీంతో రసం చెయ్యి అనింది. ఎన్నాళ్ళుగానో నాతో ముభావంగా ఉండే మనిషి. చేతులారా ఇచ్చిందే అని నాకు సంతోషమాయె.”

“పొద్దున్నుంచి ఈ మాట ఎందుకు చెప్పలేదు?” రవికుమార్ గొంతు చిరాగ్గా మారింది.

“బయట బోర్డు మీద ‘సర్టిఫైడ్ తోటల నుంచి మాత్రమే’ అని రాయించినా సార్. పక్కింటి దొడ్డి కాయ పిండినానని తెలిస్తే అంగడి పేరు...”

“నజ్మా నిన్నేమని పిలుస్తాది?” అంది హసీనా.

“అక్కా అని.”

“నీ బోర్డు కోసం ఆ పిల్లను జైలుకు పంపతా ఉంటివి. ఇంక అక్కా అనదులే.”

నాగజ్యోతి కౌంటరు మీద తల పెట్టి ఏడ్చింది. రవికుమార్ చేతిగుడ్డతో మీసాలు తుడుచుకుని, టోపీ పెట్టుకున్నాడు. దారి దొరికినవాడి మొహం పెట్టాడు.

“ఇంకేముంది? తన కాయ తానే తాగింది. యాక్సిడెంటు.”

“అయితే నజ్మాను వదులు.”

“ఒక్క తొడిమ ముక్క చూసి వదిలేదానికి అది నీ మిద్దె కాదక్కా, స్టేషను. ఆ కాయ చేదని లలితమ్మ నోటితో చెప్తే వదుల్తా. లేకుంటే రిమాండే. పేపరోళ్ళకు చెప్పేసినా.”

హసీనా అతని మాట వినడం లేదు. ఆమెకు ఇంకో సంగతి గుచ్చుకుంటోంది. ఒక్క గుక్కకే ఆనంద్ ఉమ్మేశాడు. నాలుకకు తాకితేనే ఇంతలావు సీఐ కొళాయికి పరుగెత్తాడు. మరి లలితమ్మ గ్లాసు ఎట్లా ఖాళీ చేసింది?

“ఎంత చేదైతే అంత మంచిదనుకునే జనం గదా వీళ్ళు,” అన్నాడు రవికుమార్. “కాకర రసం తాగుతారు, వేపాకు రసం తాగుతారు.”

అది తెలివైన మాటే. హసీనాకు అది తనకు తట్టనందుకు ఒక్క క్షణం ఒళ్ళు మండింది కూడా. కానీ ఆమె నాగజ్యోతి వైపు తిరిగి, “తాగేటప్పుడు ఆమె మొహం ఎట్లుండాది?” అని అడిగింది.

“నవ్వుతా తాగింది మేడం. గ్లాసు దించకుండా తాగింది. ‘బాగుండాది నాగజ్యోతీ’ అనింది.”

“ఎవరిని చూస్తా?”

“నన్నే. తాగినంతసేపూ నన్నే చూస్తాండె.”

అటువంటి నవ్వు హసీనాకు తెలుసు. ఆ నవ్వు నవ్వినవాళ్ళకే అది తెలుస్తుంది.

జీపులో ఆసుపత్రికి పోయేటప్పటికి పొద్దు వాలింది. ముందు డాక్టరుకు సంగతి చెప్పారు. ఆయన గడ్డిమందు అనుకుని చేస్తున్న వైద్యం ఆపి, వేరే సీసాలు పెట్టించాడు. వరండాలో తిప్పేస్వామి తల పట్టుకుని కూర్చున్నాడు. గల్లా దగ్గర కూర్చుని కూర్చుని గుండ్రమైపోయిన మనిషి, ఒక్కపూటలో చిక్కిపోయాడు.

“మీ దొడ్లో సొరపాదు ఉండాదా స్వామీ?” అడిగింది హసీనా.

“ఉండాదమ్మా. దానంతటదే మొలిచింది. నీళ్ళు పోసేవాళ్ళు లేక ఎండిపోతాండాది. ముందొక కాయ కోసి మా ఆడామె నాలుకకు పెట్టుకోని చేదని పారేసింది. బర్రె గూడా ముట్టలే. దానికేం?”

రవికుమార్ కలం జేబులోంచి తీసి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.

“నాగజ్యోతి గురించి ఇంట్లో ఏమన్నా మాట్లాడతావా?”

“ఏం మాట్లాడతానమ్మా? ఆ పిల్ల చేతిలో కళ ఉండాది, చూసి నేర్చుకో అంటా. అంతే గదా.”

“ఎప్పుడెప్పుడు అంటావు?”

తిప్పేస్వామి కాసేపు ఆలోచించాడు. “రోజూనే అంటానేమో,” అన్నాడు.

లోపల లలితమ్మ దిండులో దిండులా తెల్లగా పడుకుని ఉంది. పెదాలు పగిలి ఉన్నాయి. రవికుమార్ వాకిలి దగ్గర నిలబడి ఫోన్లో రికార్డింగ్ నొక్కాడు. హసీనా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

“ఓపిక ఉంటేనే మాట్లాడు లలితమ్మా. నేను హసీనాను. నజ్మా కోసం వచ్చినా.”

లలితమ్మ కళ్ళు మూసుకుంది.

“నేనూ ఒకసారి నీ మాదిరే తాగినా,” అంది హసీనా మెల్లగా. “గ్లాసులో కాదులే. ఆ వాకిట్లో నిలబడుండాడే, ఆయనకు మెడల్ ఇచ్చిన పొద్దు. మైదానంలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. నవ్వింది నేనే. ఇంటికి పోయినాక అన్నం సహించలే.”

వాకిట్లో ఫోను పట్టుకున్న చెయ్యి కొంచెం కదిలింది. లలితమ్మ కళ్ళు తెరిచింది. ఆ కళ్ళలో మొదటిసారి ఎదుటి మనిషిని గుర్తుపట్టిన చూపు కనిపించింది.

“ఆ నాగజ్యోతి అమ్మే కొర్రలు యాడివనుకున్నావు?” అంది. గొంతు గీరుకుపోయింది. “మా మూటలే. మా ఆయనే దొడ్డిదారిన పంపుతాడు. మా అంగట్లో ఉంటే పాత కొర్రలంటారు, బేరమాడతారు. రోడ్డు దాటి కాగితం సంచిలోకి పోతే ఆరోగ్యం అంటారు, నోరు మూసుకోని మూడింతలు ఇస్తారు. అవే కొర్రలు! నేను చెరిగి, రాళ్ళు ఏరి పంపిన కొర్రలు. మా ఆయన గల్లా కాడ కూర్చోని పొద్దస్తమానం ఆ అంగడినే చూస్తాడు. ఆ పిల్ల చేతిలో కళ ఉండాదంటాడు. చెరిగింది నా చేతులు గదమ్మా!”

ఆమె చేతిని హసీనా వదల్లేదు.

“పొద్దున్నే రసం తాగే సాకుతో పోయి చూసేదాన్ని. ఏముంది దీంట్లో, నాకు లేంది అని. చంపాలనుకోలే. నలుగురు వాంతులు చేసుకుంటే అంగడి పేరు పోతాది అనుకున్నా. అంతే.”

“నజ్మా రుచి చూడదని తెలిసే ఈ నెల పెట్టుకున్నావా?”

“తెలిసే.” కన్నీళ్ళు చెవుల్లోకి జారాయి. “ఆ పిల్ల పట్టుబడతాదని మాత్రం తట్టలే.”

“మరి నువ్వెందుకు తాగినావు తల్లీ?”

“తాగేదానికి పోలే. చూసేదానికి పోయినా. ‘నీ కాయే గదా అక్కా, మొదటి గ్లాసు నీదే’ అని ఆమె చేతికిచ్చింది. వెనకాల జనం. వద్దంటే ఎందుకు అంటారు. నోట్లో పోసుకోగానే ప్రాణం లేచిపాయె. ఉమ్మేద్దామనుకున్నా.” కాసేపు ఊపిరి కూడదీసుకుంది. “ఆమె నవ్వుతా నన్నే చూస్తాండె. ఆమె ఎదురుగా నేను మొహం ముడిచి ఉమ్మితే, ఓడిపోయినట్టే గదా. అందుకని తాగినా. అంతా తాగినా.”

రవికుమార్ రికార్డింగ్ ఆపి, వరండాలోకి పోయి స్టేషన్‌కు ఫోన్ చేశాడు. అతని గొంతు లోపలికి స్పష్టంగా వినిపించింది. “ఆ నజ్మాను వదిలెయ్యండి. ఆఁ, ఇప్పుడే. నా దర్యాప్తులో కొత్త సంగతి తేలింది.”

‘నా’ అన్న మాట దగ్గర హసీనా పళ్ళు కొరుక్కుంది. పోనీలే, పిల్ల బయటపడింది, అది చాలు అని తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్నంత సులువుగా మనసు వినలేదు. రేపటి పేపర్లో అతని ఫోటో ఎట్లా ఉంటుందో ఇప్పుడే కళ్ళకు కట్టింది. లేవబోయింది.

లలితమ్మ ఆమె కొంగు పట్టుకుంది.

“రెండు కాయలు,” అంది.

“ఏమిటి?”

“ఒకటి కాదు. రెండు కాయలు ఇచ్చినా. నాగజ్యోతి ఒకటి ఉంచుకోని, రెండోది నా ముందరే నజ్మా సంచిలో వేసింది. ఇంటికి తీసుకపోయి ఖీర్ చేసుకోండి, పండగ నెల గదా అనింది. ఆ పిల్ల నాకు గూడా దండం పెట్టింది. వద్దని చెప్పేదానికి నోరు రాలే. వద్దంటే తెలిసిపోతాది గదా అని...”

హసీనా కిటికీ వైపు చూసింది. గోడ అంచున ఎండ పసుపు తిరిగింది. ఇంకాసేపట్లో మసీదు సైరన్ మోగుతుంది. ఊళ్ళో అందరూ ఒక్కపొద్దు విడుస్తారు. నజ్మా ఇంట్లో పొయ్యి దగ్గరున్న మనిషి, చేసింది ఏదీ నోట్లో వేసుకుని చూసి ఉండదు.

ఫోను తీసి అమీర్ బీ నంబరు నొక్కింది. అది మోగుతూనే ఉంది. రవికుమార్ గుమ్మంలోకి వచ్చాడు. హసీనా మొహం చూసి, ఏమిటని అడగకుండానే జీపు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

“హలో, బేటీ!” అమీర్ బీ గొంతు సంతోషంతో వణుకుతోంది. “నజ్మాను వదిలేసినారంట గదా! జమీల్ ఇప్పుడే చెప్పినాడు. నీకు అల్లా వెయ్యేళ్ళు...”

“ఖాలా, ఆగు. సొరకాయ ఖీర్ చేసినావా?”

“చేసినా. వదిలేస్తారని నా మనసు చెప్తానే ఉండె. ఆ పిల్లకు ఇష్టమని నెయ్యి వేసి...”

“ఎవరూ నోట్లో పెట్టుకోలే గదా?”

“ఎవరు పెడతారు బేటీ? అందరికీ ఒక్కపొద్దే గదా. సైరన్ కాలేదు ఇంకా.”

హసీనా పట్టుకున్న ఊపిరి వదిలి, గోడకు ఆనుకుంది.

“మా ఇంటాయన, మీ చిచ్చా మాబు సాబ్ ఒక్కడే తాగినాడు,” అంది అమీర్ బీ. “ఆయనకు మూడు దినాలుగా జరం, ఒక్కపొద్దు లేడు. తీపి సరిపోయిందో లేదో చూడమని ఒక గిన్నెలో పోసిచ్చినా. చేదుగా ఉండాది, వద్దు అన్నాడు. జరం నోటికి ఏది పెట్టినా చేదే గదా బేటీ? ఇంకో పిడికెడు చక్కెర వేసి, దగ్గరుండి గిన్నెడూ నేనే తాపించినా.”